రివ్యూలు మూడు రోజులు ఆపితే సినిమా బతుకుతుందా? తొలి ఆట టాక్‌పై నిర్మాతల గోల వెనుక అసలు లెక్క ఇదీ..

శుక్రవారం తెల్లవారుజాము. హైదరాబాద్‌లో పాల ప్యాకెట్లు ఇంకా ఇంటి గుమ్మం దాకా రాలేదు. సినిమా రిజల్ట్ మాత్రం ఫోన్‌లోకి వచ్చేసింది. ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, క్లైమాక్స్ రొటీన్.. నాలుగు ముక్కల్లో మూడేళ్ల కష్టానికి తీర్పు. ఉదయం ఆటకు టికెట్ బుక్ చేసుకున్న వాళ్లు స్నానం చేసి బయల్దేరేలోపే సినిమా హిట్టో ఫట్టో తేలిపోతోంది. థియేటర్ల ముందు మైకులు పట్టుకుని నిలబడే యూట్యూబ్ ఛానెళ్ల వంతు వచ్చేది ఆ తర్వాతే.

దీని మీదే సినిమా వాళ్ల గొడవ. విడుదలైన మొదటి మూడు రోజులు రివ్యూలు ఇవ్వొద్దని కొందరు, కనీసం ఒక్క రోజైనా ఆగమని ఇంకొందరు అడుగుతున్నారు. కోట్లు పోసి తీసిన సినిమాను ఫోన్ పట్టుకున్న ప్రతి ఒక్కరూ చంపేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా అన్నది నిర్మాతల ప్రశ్న. టికెట్ కొన్నాక బాగుందో లేదో చెప్పే హక్కు కూడా లేదా అన్నది ప్రేక్షకుడి ఎదురు ప్రశ్న. ఇద్దరి దగ్గరా న్యాయం ఉంది. అయితే రివ్యూలు ఆపేస్తే సినిమా బతుకుతుందన్న మాట దగ్గరే లెక్క తప్పుతోంది.

కోర్టులు ఏమన్నాయి?

ఈ పంచాయితీ ముందు కోర్టు మెట్లెక్కింది కేరళలో. 'ఆరోమలింటె ఆద్యత్తె ప్రణయం' అనే సినిమా దర్శకుడు 2023లో కేరళ హైకోర్టుకు వెళ్లారు. విడుదల తర్వాత కొన్ని రోజుల పాటు వ్లాగర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు రివ్యూలు పెట్టకుండా చూడాలని కోరారు. డబ్బులివ్వకపోతే సినిమాను చెడగొడతామని బెదిరించే వాళ్లున్నారన్నది అక్కడి పరిశ్రమ ప్రధాన ఆరోపణ. దీన్నే రివ్యూ బాంబింగ్ అంటున్నారు. కోర్టు ఈ ఆరోపణను తేలిగ్గా తీసుకోలేదు. పరిశీలనకు అమికస్ క్యూరీని నియమించింది, పోలీసులు ఏం చేయగలరో చెప్పమంది. అదే ఏడాది అక్టోబర్‌లో కొచ్చిలో ఓ సినిమాకు సంబంధించి తొలి కేసు కూడా నమోదైంది. 2024లో అమికస్ క్యూరీ ఇచ్చిన నివేదికలో విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు ఆగితే మంచిదనే సూచన ఉంది.

కానీ ఒక సంగతి గమనించాలి. రివ్యూలన్నింటినీ నిషేధిస్తున్నామని ఆ కోర్టు ఎక్కడా అనలేదు. అలా ప్రచారం జరిగినప్పుడు, తమ దృష్టి ముఖం చాటేసి దురుద్దేశంతో దాడి చేసే వాళ్ల మీదే తప్ప నిజాయతీగా విమర్శించే వాళ్ల మీద కాదని వివరణ కూడా ఇచ్చింది.

ఆ తర్వాత వంతు చెన్నైది. 2024 నవంబర్ 14న సూర్య 'కంగువా' వచ్చింది. మొదటి ఆట నుంచే తిట్లు మొదలయ్యాయి. ఆ వారంలోనే తమిళ నిర్మాతల మండలి ఒక ప్రకటన చేసింది. తొలి రోజు తొలి ఆటకు థియేటర్ ఆవరణలోకి యూట్యూబ్ ఛానెళ్లను రానివ్వొద్దని యజమానులను కోరింది. 'ఇండియన్ 2', 'వేట్టయన్', 'కంగువా' మూడింటికీ ఈ పబ్లిక్ టాక్ వీడియోల వల్లే దెబ్బ పడిందని వాదించింది. డిసెంబర్‌లో అక్కడి మరో నిర్మాతల సంఘం మద్రాస్ హైకోర్టు తలుపు తట్టింది. మూడు రోజులు ఆన్‌లైన్ రివ్యూలు ఆపాలని అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. రివ్యూ కూడా భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని, గంపగుత్తగా ఆపలేమని చెప్పింది. మార్గదర్శకాల సంగతి మీద మాత్రం కేంద్రం, రాష్ట్రం, యూట్యూబ్ ఏమంటాయో చెప్పమంది.

'కంగువా' విషయంలో ఇంకో ముచ్చట ఉంది. హీరో భార్య, నటి జ్యోతిక ఆ సినిమాను గట్టిగా వెనకేసుకొస్తూ ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టారు. అందులోనే మొదటి అరగంట కుదరలేదని, సౌండ్ మరీ ఎక్కువైందని ఒప్పుకున్నారు. నిర్మాత కూడా థియేటర్లకు వాల్యూమ్ తగ్గించమని చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత నిడివి కూడా తగ్గించారు. ఇదేంటంటే.. నెగటివ్ ప్రచారం అని కొట్టిపారేసిన రివ్యూల్లో ఎక్కువ మంది రాసిందీ అదే, చిత్ర బృందం చివరికి దిద్దుకున్నదీ అదే. తిట్టిన వాళ్లందరూ శత్రువులైతే వాళ్లు చెప్పిన దిద్దుబాటు ఎందుకు చేసినట్టు?

బాగుందనిపిస్తే ముందే చూపిస్తారు

తెలుగులో ఇంకాస్త తమాషాగా ఉంటుంది. సినిమా మీద నమ్మకం ఉన్న నిర్మాత రివ్యూలు ఆపమనడు. పైగా విడుదలకు ముందే జనానికి చూపించి, వెళ్లి నలుగురికీ చెప్పండని బతిమాలుతాడు. 2016లో 'పెళ్లి చూపులు' అలాగే గట్టెక్కింది. పేరున్న హీరో లేడు, పాటల హడావుడి లేదు. విడుదలకు ముందే వరసబెట్టి స్పెషల్ షోలు వేశారు. చూసిన వాళ్లే ప్రచారం చేశారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' పరిస్థితీ అంతే. విశాఖలోని కంచరపాలెం వాళ్లే చాలామంది నటులు. ముందుగా చూసిన సినీ ప్రముఖులు, రివ్యూయర్లు భుజాన వేసుకోకపోతే ఆ సినిమా పేరు అంత దూరం వెళ్లేది కాదు. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' సంగతి తెలిసిందే. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. దానికి స్టార్ రేటింగ్ ఎంత వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు, చావు ఇంట్లో కాకి ముట్టిందా లేదా అన్నది మాత్రం అందరికీ గుర్తుంది.

2024 సంక్రాంతికైతే తేడా కళ్లకు కట్టినట్టు కనబడింది. జనవరి 12న ఒకే రోజు 'గుంటూరు కారం', 'హనుమాన్' వచ్చాయి. చిన్న సినిమా అనుకున్న 'హనుమాన్' ముందు రోజు సాయంత్రమే డబ్బు తీసుకుని ప్రీమియర్లు వేసింది. తెల్లారేసరికి మంచి టాక్ ఊరంతా పాకింది. అటు 'గుంటూరు కారం' టీమ్ మాత్రం టికెట్ యాప్‌లో దొంగ ఓట్లు పడుతున్నాయని, బాట్స్‌తో రేటింగ్ దించేస్తున్నారని మండిపడింది. వ్యవహారం సైబర్ క్రైమ్ దాకా వెళ్లింది. అదే ఏడాది ఏప్రిల్‌లో విజయ్ దేవరకొండ 'ఫ్యామిలీ స్టార్' మీద పథకం ప్రకారం నెగటివ్ ప్రచారం జరుగుతోందంటూ ఆయన టీమ్ కూడా పోలీసులకు ఫిర్యాదు చేసింది.

2025 మార్చి 14న 'కోర్ట్' వచ్చింది. సమర్పకుడు నాని ప్రీ రిలీజ్ వేదిక మీద నిలబడి, ఈ సినిమా నచ్చకపోతే నా 'హిట్ 3' చూడొద్దు అనేశారు. విడుదలకు ముందే పెయిడ్ ప్రీమియర్లు వేశారు. సెప్టెంబర్ 5న వచ్చిన 'లిటిల్ హార్ట్స్' కూడా ఇలా నోటి మాట మీదే నడిచింది. అందులో హీరో మౌళి, నిర్మాత ఆదిత్య హాసన్ ఇద్దరూ అంతకుముందు ఈటీవీ విన్‌లో '90's' సిరీస్‌తో జనానికి దగ్గరైన వాళ్లే. ఆ సిరీస్ కూడా ఎవరో ఒకరు చూసి, ఇంట్లో వాళ్లకు చెప్పి, వాట్సాప్ గ్రూపుల్లో పడి పెద్దదైంది.

అంటే తొలి ఆట టాక్ అనేది చిన్న సినిమాకు ఆక్సిజన్. మూడు రోజులు రివ్యూలు ఆపితే స్టార్ సినిమాకు వచ్చే నష్టం పెద్దగా లేదు. దాని తొలి మూడు రోజుల టికెట్లు అభిమానులు ముందే కొనేస్తారు. పోస్టర్ చూసి గుర్తుపట్టే ముఖం లేని సినిమాకు ఆ మూడు రోజులే జీవితం. సోమవారం వచ్చేసరికి స్క్రీన్లు చేజారిపోతాయి. నిషేధం అడుగుతున్నది పెద్ద సినిమాల పేరు మీద, దెబ్బ తినేది చిన్న సినిమాలు. దీని గురించి సంఘాలు ఎందుకు మాట్లాడవో వాళ్లే చెప్పాలి.

టికెట్ లెక్క చూడండి

ప్రేక్షకుడు రివ్యూ కోసం ఎందుకు ఎదురుచూస్తున్నాడు? జవాబు అతని జేబులో ఉంది. తెలంగాణలో 2021 డిసెంబర్ నాటి జీవో ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు గరిష్ఠ ధర 250 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 295. నలుగురున్న ఇంట్లో సినిమాకు వెళ్తే టికెట్లకే 1,180 రూపాయలు. ఆన్‌లైన్ బుకింగ్ చార్జీ, పార్కింగ్, ఇంటర్వెల్‌లో పిల్లలు అడిగే పాప్‌కార్న్ ఇందులో కలపలేదు. సింగిల్ స్క్రీన్‌లో 150 మీద పన్ను కలిపితే 177. అక్కడ కూడా నలుగురికి 700 దాటుతుంది.

ఇది మామూలు రోజుల రేటు. పెద్ద సినిమాలకు ప్రభుత్వం ప్రత్యేకంగా పెంచుకోనిస్తుంది. 2024 డిసెంబర్ 4న 'పుష్ప 2' బెనిఫిట్ షోకు తెలంగాణలో ఉన్న ధర మీద ఏకంగా 800 పెంచుకోనిచ్చారు. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. తాను ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు, రేట్ల పెంపు ఉండవని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలోనే అన్నారు. ఆ తర్వాత కూడా సినిమాలకు పెంపు ఉత్తర్వులు వచ్చాయి, కోర్టుల్లో పిటిషన్లూ పడ్డాయి. 2025 సెప్టెంబర్‌లో పవన్ కల్యాణ్ 'ఓజీ' ప్రత్యేక షోకు ఆంధ్రప్రదేశ్‌లో 1,000 రూపాయలు, తెలంగాణలో 800 రూపాయలు. తెలంగాణలో ఆ పెంపు హైకోర్టు దాకా వెళ్లింది.

ఇప్పుడు నిర్మాత వైపు నుంచి వస్తున్న కోరికను ఈ రేట్ల పక్కన పెట్టి చూడండి. మొదటి మూడు రోజులూ టికెట్ ధర ఎక్కువ. ఆ మూడు రోజులే రివ్యూ ఉండకూడదు. అంటే సరుకు అన్నింటికంటే ఖరీదుగా ఉన్నప్పుడే కొనేవాడికి సమాచారం అందకూడదన్నమాట. కూరగాయల మార్కెట్లో వంకాయ చేత్తో నొక్కి చూడనివ్వకపోతే ఎవరైనా కొంటారా? పుచ్చులున్నాయేమోనని అనుమానం రాదూ?

పైగా ఇప్పుడు ప్రేక్షకుడికి ఇంకో దారి ఉంది. నాలుగు వారాలు ఆగితే సినిమా ఇంటికే వస్తోంది. 'కోర్ట్' మార్చి 14న థియేటర్లోకి వచ్చి ఏప్రిల్ 11న నెట్‌ఫ్లిక్స్‌లో పడింది. 28 రోజులు. 'హిట్ 3' మే 1 నుంచి మే 29కి వచ్చేసింది. అదీ 28 రోజులే. వెంకటేశ్ 'సంక్రాంతికి వస్తున్నాం' అంత పెద్ద హిట్టయి కూడా మార్చి 1 సాయంత్రం టీవీలోకి వచ్చేసింది. గట్టిగా లెక్కేస్తే ఏడు వారాలు లేదు. జనం థియేటర్‌కు రావడం తగ్గిందంటే రివ్యూ చదివి ఆగిపోయిన వాళ్లకంటే, ఎలాగూ నెలలో ఓటీటీలో వస్తుందిలే అని ఆగిన వాళ్లే ఎక్కువ ఉండొచ్చు. ఈ గడువు పెంచుతామని 2022 ఆగస్టులో షూటింగ్‌లు ఆపి మరీ చర్చలు పెట్టుకున్నారు. పెద్ద సినిమాలకు ఎనిమిది వారాలన్న మాట అప్పుడే వినిపించింది. ఓటీటీ సంస్థ చెక్కు ముందు అది నిలబడలేదు.

తొలి వీకెండ్ మీదే అంత భారం ఎందుకు?

ఇక్కడ వ్యాపారం తెలియాలి. పెద్ద సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా, ఈస్ట్, వెస్ట్, నెల్లూరు అంటూ ఏరియాల వారీగా అమ్ముతారు. కొన్న పంపిణీదారుడు అప్పు తెచ్చి కట్టి ఉంటాడు. ఎంత తొందరగా షేర్ వస్తే అంత వడ్డీ మిగులుతుంది. అందుకే వీలైనన్ని ఎక్కువ థియేటర్లు, వీలైనన్ని ఎక్కువ షోలు, వీలైనంత ఎక్కువ రేటు. మూడు రోజుల్లో ఊడ్చేయాలి. వంద రోజుల పోస్టర్ ఎప్పుడో పోయింది, యాభై రోజులూ పోయింది. ఇప్పుడు రెండో శుక్రవారం నిలబడితే పండగే.

థియేటర్ యజమానికి ఇందులో దక్కేది వేరే కథ. పెద్ద సినిమాలకు తొలి వారం అద్దె పద్ధతి, జనం పలచబడ్డాక పర్సంటేజ్ పద్ధతి అంటున్నారని, లాభం వచ్చే రోజుల్లో తమకు వాటా ఉండట్లేదని ఎగ్జిబిటర్లు 2025 మేలో ఎదురు తిరిగారు. జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు. పెద్ద రాజకీయ దుమారమే రేగింది. వ్యాపారమంతా ఇలా మూడు రోజుల మీద కట్టుకున్నాక, మొదటి రోజు ఉదయం ఎవరో ఒకరు బాలేదంటే ఆ కట్టడం మొత్తం ఊగుతుంది. తప్పు ఆ ఒక్కడి మాటదా, ఒక్క స్తంభం మీద మేడ కట్టిన వాళ్లదా?

రేటింగ్ కూడా ఈ మూడు రోజుల గాలానికి తగ్గట్టే తయారైంది. తెలుగు వెబ్‌సైట్లలో అయిదుకు 2.75 అనే అంకె ఉంటుంది. ప్రపంచంలో ఇంకెక్కడా దీనికి ఇంత అర్థం ఉండదు. 2.5 అంటే పోయిందని, 3 అంటే ఆడుతుందని, 2.75 అంటే హీరోను బట్టి చూసుకోమని. ఒకటి, ఒకటిన్నర ఇచ్చే ధైర్యం అరుదు, నాలుగున్నర ఇచ్చే సందర్భం ఇంకా అరుదు. అయిదు మెట్ల నిచ్చెన పెట్టి అందరూ నడిమి మెట్టు మీదే నిలబడ్డారు. కింద రాసిన వెయ్యి పదాలు చదివే వాళ్లు తక్కువ, పాపం రాసినవాడికీ ఆ సంగతి తెలుసు.

నిజంగా తప్పు జరుగుతోంది.. కానీ ఎక్కడ?

అలాగని నిర్మాతల ఫిర్యాదు మొత్తం గాలి మాట కాదు. సినిమా చూడకుండానే తిట్టే ఖాతాలు ఉన్నాయి. ఒక హీరో అభిమానులు ఇంకో హీరో సినిమాకు విడుదల కాకముందే ఒక స్టార్ వేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆట నడుస్తుండగానే ఫోన్‌తో తెరను రికార్డు చేసి క్లైమాక్స్ ఎక్స్‌లో పెట్టేస్తున్నారు. 2025 జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్'కైతే తొలి రోజే హెచ్‌డీ ప్రింట్ లీకైంది. హీరో ఒళ్లు, హీరోయిన్ రంగు మీద జోకులేసి దాన్ని రివ్యూ అనే వాళ్లకూ కొదవ లేదు.

అయితే వీటికి కొత్త నిషేధం అక్కర్లేదు, ఉన్న చట్టాలు చాలు. థియేటర్‌లో రికార్డు చేస్తే 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. అది సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు పెరగొచ్చు. బెదిరించి డబ్బు గుంజితే అది మామూలు నేరమే, పోలీస్ స్టేషన్ ఉంది. వ్యక్తిగతంగా దూషిస్తే పరువు నష్టం దావా ఉంది. మరోవైపు విమర్శ కోసం, సమీక్ష కోసం ఒక రచనలోంచి తగినంత వాడుకోవచ్చని కాపీరైట్ చట్టం సెక్షన్ 52 చెబుతోంది. అంటే చట్టం దృష్టిలో రివ్యూయర్ దొంగ కాదు.

అందరూ మొహమాటపడి మాట్లాడని సంగతి ఇంకోటి ఉంది. అది డబ్బు తీసుకుని తిట్టడం కాదు, డబ్బు తీసుకుని పొగడటం. ప్రీ రిలీజ్ ఈవెంట్ దగ్గర్నుంచి సక్సెస్ మీట్ వరకు ఒకే పేజీలో ప్రకటన, ఇంటర్వ్యూ, రివ్యూ మూడూ పక్కపక్కనే ఉంటాయి. ప్రకటన ఇచ్చిన సినిమాకు రెండు ఇవ్వాలంటే చేయి వణుకుతుంది. తొలి ఆట ఇంకా సగం కూడా అవ్వకముందే బ్లాక్‌బస్టర్ పోస్టర్లు పడతాయి. ఒకే వాక్యం, ఒకే ఎమోజీ, ఇరవై ఖాతాల్లో ఒకే నిమిషంలో కనబడుతుంది. ఇది కూడా ప్రేక్షకుణ్ని మోసం చేయడమే. దీని మీద ఏ నిర్మాతా సైబర్ క్రైమ్‌కు వెళ్లినట్టు కనబడదు.

దీనికీ నిబంధన ఉంది. 2022 జూన్‌లో కేంద్రం ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం విడిగా వివరించింది. డబ్బో, ఫ్రీ ట్రిప్పో, ఏ లాభం తీసుకున్నా అది జనానికి స్పష్టంగా కనబడేలా చెప్పాలి. చెప్పకపోతే వినియోగదారుల రక్షణ అథారిటీ మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 పేరుతో 2022 నవంబర్‌లో ఒక ప్రమాణం కూడా వచ్చింది. రివ్యూ రాసింది నిజమైన మనిషేనా అని సరిచూడాలన్నది అందులో ముఖ్యం. కాకపోతే అది ఐచ్ఛికం. ఇష్టమున్న కంపెనీ పాటిస్తుంది, లేని కంపెనీ పాటించదు. టికెట్ కొన్న వాళ్లే ఓటు వేసేలా యాప్‌లను కట్టడి చేయమని నిర్మాతల సంఘాలు ఈ ఒక్క ప్రమాణం మీద పట్టుబట్టినా బాట్స్ గొడవ సగం తగ్గేది.

ఇదే సమయంలో పుస్తకాల వైపు ఒక్కసారి చూస్తే నవ్వొస్తుంది. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు ఎన్టీఆర్ స్టేడియంలో జనం కిక్కిరిసిపోతారు. ఆ పది రోజుల్లో పదుల కొద్దీ కొత్త తెలుగు పుస్తకాలు వస్తాయి. వాటిలో చాలావాటికి మంచిగా గానీ చెడుగా గానీ ఒక్క సమీక్ష కూడా రాదు. ఫేస్‌బుక్‌లో నలుగురు స్నేహితులు రాసే నాలుగు మంచి మాటలే దిక్కు. బాలేదని ఒకరు గట్టిగా రాస్తే చాలు, కనీసం చదివారు కదా అని ఆ రచయిత సంతోషించే పరిస్థితి. సినిమా వాళ్లు వద్దంటున్న ఆ తొలి రోజు టాక్ కోసం పుస్తకం వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు.

ఆపాలన్నా ఆపలేరు

సరే, ఒకవేళ కోర్టో ప్రభుత్వమో మూడు రోజులు రివ్యూలు వద్దందనుకుందాం. అమలు చేసేదెలా? తెలుగు సినిమాకు మొదటి ప్రేక్షకుడు ఇప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో లేడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నాడు. అక్కడ గురువారం మధ్యాహ్నం ప్రీమియర్ పడితే ఇక్కడ శుక్రవారం తెల్లవారుజాము అవుతుంది. ఆ ప్రీమియర్ వేసేది, దాని కలెక్షన్ ఇన్ని మిలియన్లని పోస్టర్ కొట్టుకునేది ఇదే నిర్మాతలు. డాలర్లిచ్చి చూసిన ఆ కుర్రాడు హాల్లోంచి బయటికొస్తూ పెట్టే పోస్టుకు హైదరాబాద్ ఉత్తర్వు వర్తించదు. వెబ్‌సైట్‌ను ఆపారే అనుకోండి, అన్నయ్య తమ్ముడికి చేసే వాట్సాప్ కాల్‌ను ఎవరు ఆపుతారు? పేరూ ముఖమూ పెట్టి రాసే రివ్యూయర్ నోరు మూయిస్తే మిగిలేది పేరూ ఊరూ లేని ఖాతాలే. కేరళ కోర్టు భయపడింది సరిగ్గా వాళ్ల గురించే.

హాలీవుడ్‌లో దీనికి పాత మందు ఉంది. రివ్యూయర్లకు సినిమా ముందే చూపిస్తారు. ఫలానా రోజు ఫలానా గంట దాకా ఏమీ రాయనని మాట తీసుకుంటారు. ముంబైలో కూడా విడుదలకు ఒకటి రెండు రోజుల ముందు ప్రెస్ షోలు వేయడం ఉంది. రాసేవాడికి ఒక రాత్రి ఆలోచించుకునే టైం దొరుకుతుంది. ఇంటర్వెల్‌లో సమోసా ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని ఫస్టాఫ్ రివ్యూ కొట్టే అవసరం ఉండదు. తొందర తగ్గితే తప్పులూ తగ్గుతాయి. తెలుగులో చిన్న సినిమాలు ఇప్పటికే ఇంచుమించు ఇదే చేస్తున్నాయి. పెద్ద సినిమాలు మాత్రం లీక్ భయం అంటాయి. టాక్ భయం అని పైకి చెప్పవు. పెద్ద సినిమాల్లో కొన్నింటికైతే ముందే చూపించాలన్నా చూపించడానికి కాపీ ఉండదు. గ్రాఫిక్స్, రీరికార్డింగ్ ఆఖరి క్షణం దాకా సాగుతూనే ఉంటాయి. విదేశాలకు కంటెంట్ ఆలస్యంగా చేరి ప్రీమియర్లు వెనక్కి జరిగిన సినిమాలున్నాయి. అలాంటి సినిమాను మొత్తంగా మొదటిసారి చూసేది టికెట్ కొన్న ప్రేక్షకుడే.